తిరస్కరించిన దావాను మళ్ళీ దాఖలు చేయవచ్చు

పాకాల మండలంలోని ఒక పల్లెలో పుట్టి, ఇప్పుడు తిరుపతి కొర్లగుంటలో మరో ముగ్గురు అమ్మాయిలతో కలిసి అద్దె గదిలో ఉంటున్న ఇరవై నాలుగేళ్ళ పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు వివరాలను నేనే తీసేశాను. మిగిలిన సంగతులు ఇవి.

తండ్రికి మూడెకరాల మామిడి తోట, నాలుగు పాడి ఆవులు ఉన్నాయి. తోతాపురి కాయను దామలచెరువు మండీకి తోలి, పాలు డెయిరీకి పోసి, చాలనప్పుడు అప్పు చేసి ఆయన కూతురిని ఐదేళ్ళ బి.ఏ., ఎల్‌ఎల్.బి. చదివించారు. ఆ ఇంట్లో గానీ, దాయాదుల్లో గానీ లా చదివినవారు మరొకరు లేరు. 2025 వేసవిలో కోర్సు పూర్తయ్యాక ఆమె హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలోని లా ఫర్ములకు ముప్పై ఒక్క దరఖాస్తులు పంపారు. ఇరవై ఐదు చోట్ల నుంచి జవాబే రాలేదు. ఐదు చోట్ల నుంచి ఖాళీలు లేవని రెండు ముక్కలు వచ్చాయి. బెంగళూరు ఫర్ము ఒకటి మూడు విడతలుగా ఇంటర్వ్యూ చేసి, నెల రోజులు ఆగి, వేరొకరిని తీసుకున్నామని రాసింది. శ్రీసిటీలోని ఒక కంపెనీ లీగల్ విభాగం వారు సరుకు సరఫరా ఒప్పందం ఒకటి చేతికిచ్చి, అందులో తమకు నష్టం తెచ్చే షరతులు ఎక్కడున్నాయో గుర్తించమన్నారు. ఆమె రాసింది చూసి, ‘సెక్షన్లు బాగా వచ్చు, కాంట్రాక్టు చదవడం రాదు’ అని ముఖం మీదే చెప్పారు. జూనియర్ సివిల్ జడ్జి కావాలని ఆమె మూడో ఏడాది నుంచే చదువుతూ వచ్చారు. కోర్సు ముగిసే రోజుల్లో, 2025 మే 20న, ఆ పోస్టుకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ‘పరీక్ష రాసి తప్పి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు, రాయనివ్వకుండానే వద్దన్నారు’ అని ఆమె రాశారు. చివరికి తిరుపతిలోనే పేరున్న ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరదామని వెళితే, ఆయన గంటసేపు వరండాలో కూర్చోబెట్టి, ‘ఆడపిల్లలు పని వచ్చేసరికి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతారు, మళ్ళీ నేను మొదటికి రావాలి’ అని పంపించేశారట.

అద్దె కట్టాలి కనుక ఏడు నెలలుగా ఆమె సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఒక దస్తావేజు లేఖరి వద్ద నెలకు తొమ్మిది వేలకు టైపింగు పని చేస్తున్నారు. ఇంట్లో మాత్రం సీనియర్ దగ్గర చేరానని చెప్పారు. తండ్రి ఆ మాటను ఊరంతా చెప్పుకున్నారు. సంక్రాంతికి ఇంటికి వెళితే, ఊరి పెద్దాయన ఒకరు తన భూమి రిజిస్ట్రేషను ఆగిపోయిందని కాగితాల సంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఆ సంచి ఇప్పటికీ ఆమె పెట్టెలోనే ఉంది. తోటివారు నల్లకోటుతో పెట్టే ఫొటోలు చూడలేక ఫోన్ పక్కన పడేస్తున్నారు. మెయిల్ వచ్చిన చప్పుడైతే కడుపులో తిప్పుతోందట. రాత్రి రెండు దాటినా నిద్ర పట్టడం లేదు. ఉద్యోగం ఖాయమయ్యాక చూసుకోవచ్చులే అని బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా పేరు నమోదు (ఎన్‌రోల్‌మెంట్) కూడా చేసుకోలేదు. చెన్నైలో ఉన్న పెద్దమ్మ కొడుకు ఒక ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో ఇరవై రెండు వేల ఉద్యోగం ఉంది, రమ్మంటున్నాడు. ‘నాకు తమిళం తప్ప చెప్పుకోదగ్గ అదనపు అర్హత ఏదీ లేదు, అదీ మా అవ్వ తిరుత్తణి మనిషి కనుక వచ్చింది. ఇంగ్లీషు తడబడుతుంది. ఇంతమంది వద్దన్న తరువాత కూడా నేను లాయరుగా పనికివస్తాననుకోవడం మొండితనమేనా?’ అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలుతో పక్కన అంకెలు వేసుకుంటూ చదివాను, ఎందుకంటే మీరు నాలుగైదు వేర్వేరు సంగతులను ఒకే కట్టగా కట్టి, అన్నిటికీ కలిపి ఒకే తీర్పు రాసేశారు. ‘ఇంతమంది వద్దన్నారు’ అంటున్నారు. నా లెక్కలో, మీ పనిని చేతిలోకి తీసుకుని చూసి, ఆ తరువాత కారణం చెప్పి వద్దన్నవారు ఒక్కరే.

రిజెక్ట్ అన్న మాట మీకు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో పరిచయమైనదే. వేసిన దావా ఆగిపోవడానికి ఆ కోడ్ ఒకే దారి పెట్టలేదు. పరిధి లేని కోర్టులో వేస్తే 7వ ఆర్డరు 10వ రూలు కింద, సరైన కోర్టులో వేసుకోమని ప్లెయింటును, అంటే దావా పత్రాన్ని, వాపసు ఇస్తారు. వ్యాజ్య కారణం, అంటే దావా వేయడానికి ఆధారమైన హక్కు, కనబడకపోయినా, కోర్టు ఫీజు తక్కువై గడువు ఇచ్చినా కట్టకపోయినా 11వ రూలు కింద తిరస్కరిస్తారు. అయితే అదే వ్యాజ్య కారణం మీద కొత్త ప్లెయింటు వేసుకోవడానికి ఆ తిరస్కరణ అడ్డు కాదని 13వ రూలు విడమరిచి చెబుతుంది. ఇరుపక్షాలనూ విని, విషయాన్ని తేల్చి చెప్పిన తీర్పుకు గానీ 11వ సెక్షనులోని రెస్ జుడికేటా, అంటే ఒకసారి తేలిన తగాదాను మళ్ళీ తెరవరాదన్న సూత్రం, వర్తించదు. మీకు ఎదురైనవాటిలో రెస్ జుడికేటా ఏది? నాకైతే ఒక్కటీ కనబడలేదు.

ఫర్ముల సంగతి పరిధికి సంబంధించినది. పెద్ద నగరాల ఫర్ములు కొత్తవారిని ఎక్కువగా తమ దగ్గర ఇంటర్న్‌షిప్ చేసినవారి నుంచి, తాము ఏటా వెళ్ళే కాలేజీల నుంచి ఎంచుకుంటాయి. ముఖపరిచయం లేని దరఖాస్తును తెరిచి చూసే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. మీ ఉత్తరంలో నగరపు ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేసిన మాట లేదు. కనుక ఆ ఇరవై ఐదు మౌనాలను మీ మీద ఇరవై ఐదు అభిప్రాయాలుగా లెక్కపెట్టడం సాక్ష్యం లేని లెక్క. బెంగళూరు ఫర్ము వేరు. మూడు విడతలు పిలిచారంటే చివరి కొద్దిమందిలో మీరున్నారు. వారికి ఒక చిన్న మెయిల్ రాయండి: సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు, ఏ విషయంలో మెరుగుపడాలో ఒక్క వాక్యం చెప్పగలిగితే సంతోషిస్తాను అని. జవాబు రాకపోవచ్చు. వస్తే మాత్రం మీ చేతిలో కారణం ఉంటుంది.

జడ్జి పరీక్ష విషయంలో మిమ్మల్ని ఎవరూ వద్దనలేదు. ఒకప్పుడు ఉండిన మూడేళ్ళ ప్రాక్టీసు షరతును 2002లో సుప్రీంకోర్టు తీసివేయించింది, 2025లో మళ్ళీ పెట్టించింది. ఆ మధ్య కాలంలో లా చదివినవారు నేరుగా పరీక్ష రాశారు, మీరు తలుపు దగ్గరకు వచ్చేసరికి మూసుకుంది. కోపం రావడం న్యాయమే. అయితే ఆ తీర్పులోనే మీకు పనికివచ్చే మాట ఒకటి ఉంది: మూడేళ్ళను ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ పరీక్షకు ముందు జరిగే తాత్కాలిక నమోదు) తేదీ నుంచి లెక్కిస్తారు. న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కుగా పనిచేసిన కాలాన్నీ కలుపుతారు. పదేళ్ళ అనుభవమున్న న్యాయవాది ధ్రువపత్రం ఇచ్చి, దానిమీద ఆ కోర్టు ప్రధాన న్యాయాధికారి సంతకం చేయాలి. రేపు వచ్చే ఏ నోటిఫికేషనులో ఏ షరతు ఉంటుందో వచ్చినరోజు చదువుకోవాల్సిందే గానీ, ప్రస్తుతం మీ లెక్క ఈ తీర్పు మీదే నడవాలి.

తిరుపతి సీనియర్ అన్న మాటను నేను సమర్థించలేను. ఆయన మీ అర్హతను చూడలేదు, మీ భవిష్యత్తును తానే ఊహించి దానిమీద ఉత్తర్వు ఇచ్చారు. ఇది కొత్త జబ్బు కాదు. 1916లో రెజీనా గుహ అనే లా పట్టభద్రురాలు ప్లీడరుగా చేర్చుకోమంటే కలకత్తా హైకోర్టు ఆడవారికి ఆ హక్కు లేదంది. 1921లో సుధాంశుబాల హజ్రాకు పాట్నా హైకోర్టు అదే జవాబిచ్చింది. 1923లో చట్టం చేస్తే గానీ ఆ తలుపు దేశమంతటా తెరుచుకోలేదు. చట్టం మారి నూరేళ్ళు దాటినా వరండాలో ఆ మాట ఇంకా తిరుగుతోంది. నేను చిత్తూరులో జూనియర్‌గా తిరిగిన రోజుల్లోనూ విన్నాను. అక్కడ వాదించి గెలవడానికి ప్రయత్నించకండి. ఆ ఊళ్ళో సీనియర్లు ఆయన ఒక్కరే కాదు. ఈసారి వెళ్ళేముందు, ఆ ఆఫీసులో ఇదివరకు ఆడపిల్లలు జూనియర్లుగా ఎందరు పనిచేశారు, ఎన్నేళ్ళు ఉన్నారు అన్న సంగతి గుమాస్తాలను అడగండి. సీనియర్ల గురించి బార్ అసోసియేషన్‌కు తెలియనివి కూడా గుమాస్తాలకు తెలుస్తాయి.

ఇక మిగిలింది శ్రీసిటీ. నిజమైన అభ్యంతరం అదొక్కటే, దాన్ని మీరు అన్నిటికంటే తక్కువ వాక్యాల్లో దాటేశారు. కోర్టు ఆఫీసులో రోజూ ఇదే జరుగుతుంది: అభ్యంతరం రాసి రిటర్న్ చేస్తారు, గడువులో సవరించి రీప్రజెంట్ చేస్తాం, అంటే మళ్ళీ దాఖలు చేస్తాం. కేసు కట్ట రిటర్న్ అయిందని ఏ గుమాస్తా అన్నం మానేయడం నేను చూడలేదు. కాంట్రాక్టు చదవడం కాలేజీలో నేర్పే విద్య కాదు. నష్టపరిహారం ఎవరు భరించాలి, ఒప్పందాన్ని ఎవరు ఎప్పుడు రద్దు చేసుకోవచ్చు, తగాదా వస్తే ఏ ఊరి కోర్టుకు వెళ్ళాలి, డబ్బు ఎన్ని రోజుల్లో చెల్లించాలి అని నాలుగు ప్రశ్నలు పెట్టుకుని ఇరవై ఒప్పందాలు చదివితే కళ్ళకు అలవాటు పడుతుంది. మీరు ఆ పని ఇప్పటికే సగం చేస్తున్నారు, మీకు తెలియకుండా.

ఎందుకంటే మీరు సిగ్గుపడుతున్న ఆ దస్తావేజు లేఖరి ఆఫీసు గురించి నాకు మీతో కొంచెం తగాదా ఉంది. విక్రయ దస్తావేజు, దాన సెటిల్‌మెంటు, భాగపరిష్కారం, తనఖా, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వంటి కాగితాలు రోజుకు ఎన్నో మీ వేళ్ళ కింద నుంచి వెళుతున్నాయి. ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రంలో) ఒక లావాదేవీ తప్పిపోతే ఏమవుతుందో, రెవెన్యూ రికార్డులైన అడంగల్‌లో ఒక పేరు, 1బీలో మరో పేరు ఉంటే కొనేవాడు ఎక్కడ చిక్కుకుంటాడో, రిజిస్ట్రేషను నిషేధించిన భూముల 22ఏ జాబితాలో సర్వే నంబరు చేరితే రైతు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో మీరు ఏడు నెలలుగా చూస్తున్నారు. మన ప్రాంతపు సివిల్ కోర్టుల్లో దావాలు పుట్టేది ఆ బల్లల మీదే. హద్దులు తప్పు రాసిన దస్తావేజు పదేళ్ళ తరువాత ఒరిజినల్ సూట్‌గా తిరిగివస్తుంది. నా మొదటి ఏడాదిలో నాకు లింకు డాక్యుమెంటు (అమ్మేవారికి ఆ ఆస్తి ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజు) అంటే ఏమిటో తెలియక, సీనియర్ ముందు తెలిసినట్టు తలూపి, సాయంత్రం గుమాస్తాను బతిమాలి తెలుసుకున్నాను. మీకు ఆ అవసరం లేదు. బ్యాంకు అప్పులకు టైటిల్ (ఆస్తి యాజమాన్య హక్కు) పరిశీలించి లీగల్ ఒపీనియన్ రాసే న్యాయవాదికి కావలసిన చూపు ఇదే. రేపు ఏ సీనియర్ దగ్గరకు వెళ్ళినా ‘టైపింగు చేశాను’ అనకండి. ఎన్ని రకాల దస్తావేజులు చూశారో, ఈసీ చదివి ఏ లోపాలు పట్టారో చెప్పండి.

ఇప్పుడు కొంచెం కఠినంగా మాట్లాడతాను. మీరు పోగొట్టుకున్నవాటిలో అన్నిటికంటే ఖరీదైనది ఎన్‌రోల్‌మెంటు వాయిదా వేయడం వల్ల పోయిన కాలం. మిగతావి ఇతరులు వద్దన్నారు, దీన్ని మీకు మీరే వద్దనుకున్నారు. జడ్జి పరీక్షకు మూడేళ్ళ గడియారం ఎన్‌రోల్ అయిన రోజున గానీ తిరగడం మొదలుపెట్టదు. బ్యాంకుల లా ఆఫీసర్ పోస్టుకు కూడా న్యాయవాదిగా ఎన్‌రోల్ అయి ఉండాలి. ఖర్చుకు భయపడి ఆగారేమో తెలియదు. 2024 జులై 30న సుప్రీంకోర్టు, అడ్వొకేట్స్ చట్టం 24వ సెక్షనులో ఉన్న 750 రూపాయలకు మించి, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకైతే 125 రూపాయలకు మించి, రాష్ట్ర బార్ కౌన్సిళ్ళు ఎన్‌రోల్‌మెంటు ఫీజు వసూలు చేయరాదని తీర్పు ఇచ్చింది. స్టాంపు డ్యూటీ వేరు. ఆ తరువాత రెండేళ్ళలో ఆల్ ఇండియా బార్ ఎగ్జామినేషన్ ప్యాసు కావాలి. అది మిమ్మల్ని భయపెట్టవలసిన పరీక్ష కాదు. నోట్సు లేని బేర్ యాక్టులు (చట్టాల మూలపాఠాలు) దగ్గర పెట్టుకుని రాయవచ్చు, తప్పు జవాబుకు మార్కులు తీసివేయరు.

అయితే ఎన్‌రోల్ కావడానికి ముందు మీరు ఒక సంగతి ఆలోచించుకోవాలి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 49వ రూలు ప్రకారం, ప్రాక్టీసు చేసే న్యాయవాది నెల జీతం మీద పూర్తికాలపు ఉద్యోగం చేయరాదు. అందుకే ‘కోర్టుకు వెళుతూనే ఆ తొమ్మిది వేలు’ అన్నది ఇప్పుడున్న రూపంలో కుదరదు. జీతం మానేసి, దస్తావేజు ముసాయిదాకు ఇంత అని న్యాయవాదిగా ఫీజు తీసుకునే ఏర్పాటుకు మీ యజమాని ఒప్పుకుంటారేమో అడిగి చూడవచ్చు. కుదుర్చుకునే ముందు, మీరు చేరబోయే సీనియర్‌కు చెప్పి ఆ ఏర్పాటు సరైనదో కాదో చూపించుకోండి. లా ఎంట్రన్సు పిల్లలకు పాఠాలు చెప్పడానికి అడ్డు లేదు. లా పరీక్షలకు శిక్షణ ఇవ్వడాన్ని ఆ నియమాలే అనుమతిస్తాయి.

దారుల విషయానికి వస్తే, మొదటిది కోర్టు. దీని కష్టమంతా డబ్బులో ఉంది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, పట్టణాల్లో జూనియర్‌కు నెలకు కనీసం ఇరవై వేలు, గ్రామీణ ప్రాంతాల్లో పదిహేను వేలు ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. అది సిఫారసు మాత్రమే, ఇవ్వకపోతే అడిగేవారు లేరు. మన జిల్లా కోర్టుల్లో మొదటి ఏడాది జూనియర్‌కు బస్సు చార్జీలు, మధ్యాహ్నపు భోజనం దక్కితే మంచి సీనియర్ అంటారు. జూనియర్ న్యాయవాదులకు ప్రభుత్వం నెలకు ఐదు వేలు ఇచ్చే పథకం మన రాష్ట్రంలో 2019లో మొదలైంది. అటువంటి సాయం ఏ పేరుతో ఉన్నా, డబ్బు ఖాతాలో పడేదాకా ఇంటి లెక్కలో కలపకండి. కొర్లగుంట గది అద్దె కట్టుకుంటూ తిరుపతిలో రెండేళ్ళు ఇలా నిలబడడం మీ స్థితిలో కష్టం. అందుకే మీరు ఉత్తరంలో ఆలోచించని ఒక మాట అడుగుతున్నాను: పాకాలలోనే జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఉంది గదా, ఇంటి దగ్గర నుంచి ఎందుకు వెళ్ళకూడదు? చిన్న కోర్టులో జూనియర్‌కు త్వరగా నోరు తెరిచే అవకాశం వస్తుంది. వాయిదా కోరడంతో మొదలుపెట్టి, ఆరు నెలలకు చిన్న కేసులో సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసే దాకా వెళ్ళవచ్చు. పెద్ద ఊళ్ళో అది రెండేళ్ళ మాట. నష్టం కూడా చెప్పాలి: అక్కడ వచ్చే కేసుల రకాలు తక్కువ, నేర్చుకోవడానికి ఎదురుగా వాదించే పెద్దలు తక్కువ, ఊరివారందరికీ మీరు ప్రతిరోజూ కనిపిస్తారు. పాకాలలో ఉంటూ చిత్తూరు జిల్లా కోర్టులో కూడా పని ఉన్న సీనియర్ దొరికితే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

తిరుపతిలోనే ఉండాలనుకుంటే మీ దగ్గర రెండు పనిముట్లు ఉన్నాయి, రెండింటినీ మీరు తక్కువ చేసుకున్నారు. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం పోయి కొత్త చట్టాలు వచ్చాయి. హత్యకు, మోసానికి, ముందస్తు బెయిలుకు ముప్పై ఏళ్ళుగా 302, 420, 438 సెక్షన్లని నాలుక మీద నడిచిన సీనియర్లు ఇప్పుడు 103, 318(4), 482 అని తడుముకుంటున్నారు, నేనూ అందులో ఒకదాన్నే. కొత్త నంబర్లు వేళ్ళమీద ఉన్న జూనియర్ బెయిలు పిటిషను ముసాయిదా వేసి చూపిస్తే కాదనే ఆఫీసు తక్కువ. రెండోది తమిళం. ఎర్రచందనం కేసుల కోసం తిరుపతిలో ప్రత్యేక కోర్టు ఉంది. ఆ కేసుల్లో పట్టుబడే కూలీల్లో చాలామంది తమిళనాడు కొండ గ్రామాలవారు; తమ మీద పెట్టిన కేసు ఏమిటో తెలుగులో చెబితే అర్థం కానివారు. వారితో నేరుగా మాట్లాడగల న్యాయవాది అంటే ఆ కోర్టు హాల్లో ఎంత తేడానో ఒక్కరోజు వెనక బెంచీలో కూర్చుని చూడండి. న్యాయ సేవాధికార సంస్థల ఉచిత న్యాయ సహాయంలో చేరడానికి కూడా ఇదే దారి. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) నిందితుల తరఫున ఉచితంగా వాదించడానికి 2022లో తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పథకంలో అసిస్టెంటు స్థానానికి మూడేళ్ళ లోపు అనుభవం ఉన్నవారు కూడా అర్హులు. నెలనెలా గౌరవ వేతనం ఉంటుంది, ప్రైవేటు కేసులు పట్టకూడదు. ఖాళీలు ఎప్పుడూ ఉండవు కనుక చిత్తూరులోని జిల్లా సంస్థ నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండాలి.

రెండో దారి కంపెనీ ఉద్యోగం. శ్రీసిటీ వారు చెప్పిన లోపాన్ని ఆరు నెలల్లో సరిదిద్దుకుని, అటువంటి చోట్లకే మళ్ళీ వెళ్ళవచ్చు. జీతం వస్తుంది, నాన్నగారి అప్పు తీరుతుంది, మీకు ఊపిరి ఆడుతుంది. బదులుగా సనదును (న్యాయవాదిగా ప్రాక్టీసు చేసే అనుమతిని) సస్పెండ్ చేయించుకోవాలి, ఆ ఏళ్ళు ప్రాక్టీసు లెక్కలోకి రావు, జడ్జి కావాలన్న కోరిక అంత దూరం జరుగుతుంది. ఆ కోరిక మీకు ఎంత లోతుగా ఉందో మీరే తేల్చుకోవాలి. అది చిన్ననాటి ముచ్చటే అయితే కంపెనీని ఎంచుకోవడంలో ఓటమి ఏమీ లేదు.

చెన్నై బిల్లింగ్ ఉద్యోగం గురించి క్లుప్తంగా. అప్పు మెడమీద ఉంటే ఏడాది పాటు వెళ్ళిరండి, తప్పు లేదు. ఆ జీతంతో రెండేళ్ళ జూనియర్ కాలానికి సరిపడా దాచుకుంటానని ఒక అంకె రాసుకుని వెళ్ళండి. అంకె లేకుండా వెళితే తిరిగిరావడం కష్టం. నా తోటివారిలో ‘ఒక్క ఏడాది’ అని వెళ్ళినవారు కొందరు ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటున్నారు. వారు సుఖంగానే ఉన్నారనుకోండి.

ఇటువంటి ఉత్తరాలకు గొప్పవారి కథలు చెప్పడం ఆనవాయితీ. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ మొదట లెక్కల మాస్టారుగా పనిచేసి, తరువాత చిత్తూరులో వకీలుగా నిలదొక్కుకుని, 1956లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. చెప్పవచ్చు గానీ, ఒకటో తేదీన గది అద్దెకు ఆ కథ పనికిరాదు. అందులో మీకు అక్కరకు వచ్చే ముక్క ఒక్కటే: ఆయన కూడా నేరుగా కోర్టులో అడుగుపెట్టలేదు.

ఇంట్లో చెప్పిన అబద్ధం దగ్గరకు వస్తాను. మీ నిద్రను తినేస్తున్నది దరఖాస్తులకంటే అదే ఎక్కువని నా అనుమానం. మీరు ఎన్‌రోల్ అయి, సీనియర్ దగ్గర చేరి, ఆ అబద్ధాన్ని చప్పుడు కాకుండా నిజం చేసేయవచ్చు. చాలామంది అలాగే చేస్తారు. కానీ మూడేళ్ళ పాటు డబ్బు రాని దారి ఎంచుకోవాలంటే నాన్నగారి అంగీకారం కావాలి. అసలు సంగతి తెలియని మనిషి దేనికి అంగీకరించాలి? ఊరివారి ముందు ఆయన మాట పోతుందని మీ భయం. అందుకని ఊరికి చెప్పవలసిన పని లేదు, ఆయన ఒక్కరికే చెప్పండి, ఇంట్లో మిగిలినవారు లేనప్పుడు, తోటలోకి నడిచి వెళ్ళేటప్పుడైతే మరీ మంచిది. ‘ఉద్యోగం లేదు’ అని మొదలుపెట్టకండి. ఏడు నెలలుగా ఎక్కడ కూర్చుని ఏమి పని చేస్తున్నారో చెప్పండి. దస్తావేజు విలువ రైతుకు తెలిసినంతగా మీ ఫర్ములవారికి తెలియదు. ఆయన కోప్పడవచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. మీరు నాన్నగారిని గురించి రాసిన నాలుగు పేరాలను బట్టి, అంతకు మించి జరుగుతుందని నేను అనుకోవడం లేదు. నేను పొరబడి ఉండవచ్చు. ఆయన స్వభావం మీకే ఎక్కువ తెలుసు.

మెయిల్ చప్పుడుకు కడుపులో తిప్పడం, రెండు దాటినా నిద్ర రాకపోవడం వారాల తరబడి సాగుతున్నాయంటే మనోబలం తగ్గిందని మిమ్మల్ని మీరు తిట్టుకుని లాభం లేదు, వైద్యుడికి చెప్పాలి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బతకడం వృథా అన్న ఆలోచన ఎప్పుడైనా తాకితే ఆ రాత్రే ఫోన్ చేయండి, పక్క మంచం అమ్మాయిని లేపండి. మెయిల్ పెట్టెను రోజంతా తెరిచి ఉంచకుండా, సాయంత్రం ఆరు గంటలకు ఒక్కసారి చూడడం అలవాటు చేసుకోండి. దరఖాస్తులు కూడా ఒక నెల ఆపండి. ఆ నెల ఎన్‌రోల్‌మెంటు కాగితాలకు, కోర్టు హాలు వెనక బెంచీకి సరిపోతుంది.

చివరగా ఆ పెద్దాయన సంచి. దాన్ని అలాగే పెట్టెలో ఉంచకండి, ఆ కాగితాలకు గడువులు ఉండవచ్చు. మీరు ఇంకా న్యాయవాది కాదు కనుక కేసు పట్టుకోలేరు, ఆ సంగతి ఆయనకు ముందే చెప్పండి. కానీ కాగితాలు చదివి, సర్వే నంబరు 22ఏ జాబితాలో ఉందో లేదో, ఉంటే ఏ క్లాజు కింద చేర్చారో, ఆ ఆఫీసు పక్కనే కూర్చునే మీరు ఒక్క పూటలో తెలుసుకోగలరు. ఆ తరువాత ఆయనను ఒకటి అడగండి: రిజిస్ట్రేషను కాదని నోటితో చెప్పి పంపారా, రాసి ఇచ్చారా? సబ్ రిజిస్ట్రార్ తిరస్కరిస్తే రిజిస్ట్రేషన్ చట్టం 71వ సెక్షను ప్రకారం ఉత్తర్వు ఇచ్చి కారణం నమోదు చేయాలి, అడిగితే దాని నకలు రుసుము లేకుండా ఇవ్వాలి. దానిమీద 72వ సెక్షను కింద రిజిస్ట్రారుకు అప్పీలు వేసుకోవడానికి ముప్పై రోజులు ఉంటుంది. నోటిమాటతో తిప్పి పంపి ఉంటే, కారణం రాసి ఇమ్మని దరఖాస్తు పెట్టించండి. ఆ దరఖాస్తు ముసాయిదా మీరే వేసి, వచ్చే ఆదివారం ఊరికి వెళ్ళినప్పుడు సంచితో పాటు ఆయన చేతికివ్వండి.